ఒకటే తీగ

శ్రుతిపెట్టె టప్పుమని ఆగిపోయింది.

స్టేజీ మీద మాండలిన్ పట్టుకుని కూర్చున్న లోహిత, తండ్రి మల్లేశ్ వైపు చూసింది. ఆ పిల్లకు పన్నెండేళ్లు.

ఐర్లండులోని ఎన్నిస్ ఊళ్లో తెలుగువాళ్లు ఏటా ఉగాది జరుపుకునే హాలు అది. ఎనభై మంది ఎదురుగా కూర్చుని ఉన్నారు.

నిరుడు ఇక్కడే లోహిత కీర్తన మధ్యలో తప్పిపోయి, ఏడుస్తూ దిగిపోయింది. ఏడాదంతా బతిమాలితే మళ్లీ ఎక్కింది. ఈసారి కూడా ఆగిపోతే ఇక మాండలిన్ ముట్టనని ఇంట్లో ముందే చెప్పింది.

మల్లేశ్ ప్లగ్గు పీకి ఇంకో సాకెట్టులో పెట్టాడు. పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది.

"ఫోన్లో యాప్ పెట్టవయ్యా," అన్నారు ముందు వరుసలోంచి కృష్ణ మూర్తి గారు. పాతికేళ్లుగా ఆ ఊళ్లో డాక్టరు. తెలుగువాళ్లందరికీ అంకుల్.

"పెట్టి చూసిన అంకుల్. స్పీకర్ల గరగర తప్ప ఏమొస్తలేదు."

"ఐ కాంట్, డాడ్. నాట్ వితౌట్ ద శ్రుతి," అంది లోహిత.

"ఏంగాదు బిడ్డా. రెండే నిమిషాలు."

ఆ రెండు నిమిషాల్లో ఏం చెయ్యాలో మల్లేశ్‌కు తెలియదు.

వెనక కుర్చీలు సర్దుతున్న ముసలాయన అప్పుడు ముందుకు వచ్చాడు. పేరు లెన్. హాలు తాళం తీసేదీ, ఊడ్చేదీ ఆయనే. ఇంగ్లండు మనిషి. ఇక్కడికి ఎందుకు వచ్చాడో ఎవరూ అడగలేదు.

"ఆ పెట్టె చేసే పనేమిటి?" అన్నాడు ఇంగ్లిషులో.

"ఒకటే స్వరం ఇస్తూ ఉండాలి. పాప దాన్ని పట్టుకుని వాయిస్తుంది."

"చివరిదాకా ఒకటేనా?"

"ఒకటే."

లెన్ వంటగది పక్కనున్న అలమర తెరిచాడు. ఆదివారం పిల్లల పాటలకు వాడే పాత గిటారు బయటికి తీశాడు. లోహితను 'సా' వాయించమన్నాడు. ఒక్కసారి విని, మర తిప్పి, లావు తీగ మీటాడు. రెండూ కలిసిపోయాయి.

స్టేజీకి మూడే మెట్లు. మొదటి మెట్టు దగ్గర లెన్ ఆగిపోయాడు. గిటారును రెండు చేతులా దగ్గరికి పట్టుకున్నాడు.

"మోకాళ్ల నొప్పులా? పోనీ కిందే కూర్చోండి," అన్నాడు మల్లేశ్.

"కింద కూర్చుంటే పాపకు వినిపించదు."

మల్లేశ్ చెయ్యి గట్టిగా పట్టుకుని ఎక్కాడు. పైన ఎవరి కాళ్లకూ చెప్పులు లేవని చూసి బూట్లు విప్పాడు. లోహిత వెనక, జంపఖానా అంచున కూర్చున్నాడు.

"నువ్వు ఎంత దూరమైనా వెళ్లు. తప్పిపోతే వెనక్కి వచ్చెయ్. నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు.

వర్ణం అయింది. కీర్తన మొదలైంది. చరణంలో లోహిత వేళ్లు ఆగిపోయాయి.

నిరుడు ఆగిన చోటే.

మల్లేశ్ కళ్లు మూసుకున్నాడు.

లెన్ తీగ మాత్రం ఆగలేదు. తొందరపడనూ లేదు. అదే స్వరం, అదే నడక. ఐదారుసార్లు మోగింది. ఏడోసారికి లోహిత దాన్ని అందుకుంది.

కీర్తన పూర్తయింది. చప్పట్ల మధ్య మల్లేశ్ గుండె మీది బండ దిగినట్టయి, ఉన్నచోటే కూర్చుండిపోయాడు.

"ఇరవై నిమిషాలు అదే తీగ. పాపం, ఆయనకి అదొక్కటే వచ్చేమో," అన్నారు కృష్ణ మూర్తి గారు నవ్వుతూ.

"హి డిడ్న్ట్ స్టాప్, అంకుల్," అంది లోహిత.

మల్లేశ్‌కూ లోపల అంకుల్ అన్న మాటే నిజమనిపించింది. లెన్‌కు పులిహోర ప్లేటు ఇస్తూ మర్యాదగా చెప్పాడు.

"మా పాప గురువుగారు వీడియోలో పాఠాలు చెప్తారు. మొదట్నుంచీ నేర్పిస్తారు. వయసుతో పనిలేదు."

లెన్ చాలాసేపు నవ్వాడు.

"ఆలోచిస్తాను," అన్నాడు.

మే నెలలో మల్లేశ్ ఇంకో కార్యక్రమానికి హాలు మాట్లాడదామని వెళ్లాడు.

లోపల వంద మంది దాకా ఉన్నారు. ఆడా మగా అందరివీ నెరిసిన తలలే. అందరి టీషర్టుల మీదా ఒకటే పేరు, 'డాక్‌గేట్స్'. గోడకు పెద్ద ఫొటో. గిటారుతో గాల్లోకి ఎగిరిన కుర్రవాడు. కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు వేశారు.

పోయింది ఈ ఏడే.

ఆ కళ్లు మల్లేశ్‌కు తెలుసు.

"ఈయన లెన్ కదా?" అని తలుపు దగ్గరున్న ఆవిడను అడిగాడు.

"మూడు వారాలైంది. నిద్రలోనే పోయాడు," అంది ఆవిడ. "మేమంతా ఇంగ్లండు నుంచి వచ్చాం. డాక్‌గేట్స్ ఆయన బ్యాండే. పబ్బుల్లో ఆయన గిటారు వింటూ పెద్దయినవాళ్లం. మీకెలా తెలుసు?"

పాఠాలు చెప్పిస్తానన్న మాట గుర్తొచ్చి మల్లేశ్ తల వంచుకున్నాడు.

"మా పాప కచేరీకి పక్కన వాయించారు. ఒకటే తీగ."

"కింద నిలబడా?"

"లేదు. స్టేజీ మీద. ఇరవై నిమిషాలు."

ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. వెనక్కి తిరిగి, హాలంతటికీ వినిపించేలా, "లెన్ ఎక్కాడట," అంది.

అందరూ ఇటు తిరిగారు. తరువాత ఒక్కొక్కరే ఊపిరి వదిలారు. ఒక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, ఇక చాలన్నట్టు తల ఊపాడు.

మల్లేశ్‌కు అర్థం కాలేదు. "అంత పెద్ద వాయిద్యకారుడికి ఇదొక లెక్కా?" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని చెప్పింది: ముప్పై నాలుగేళ్ల కిందట, పాట మధ్యలో చేతులు ఆడక దిగిపోయి, ఆ తరువాత ఎవరు ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ ఏ స్టేజీ ఎక్కని మనిషి లెన్.