మందకు మిగిలేది

తన పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూస్తున్న ముసలాయన కనబడగానే యెషికి ఒళ్ళు మండింది.

"ఎవరయ్యా నువ్వు? చెప్పా పెట్టకుండా దొడ్లోకి జొరబడ్డావ్!"

"కోప్పడకమ్మా. దీన్ని అమ్మొద్దు. ఆ మాట చెబుదామనే కొండెక్కి వచ్చాను."

యెషికి నవ్వొచ్చింది. మెంజ్ కొండల మీద, ఈస్టర్ ముందు, పొట్టేలు అమ్మొద్దనేవాడు కూడా ఉంటాడా? దాదాపు రెండు నెలలు ఉపవాసాలున్న జనం మాంసానికి మొహం వాచి ఉంటారు. ఏ ఇంట చూసినా బాగా ఎదిగిన పొట్టేలు సంతకు పోవలసిందే.

"అమ్మకపోతే బార్లీ విత్తనాలు నువ్వు కొనిపెడతావా?"

"ఏటా ఎదిగినదాన్ని అమ్మేస్తారు, బక్కదాన్ని ఉంచుకుంటారు. ఇక మందకి మొగుడు ఆ బక్కదేగా! పిల్లలు బక్కగా పుట్టక ఏం చేస్తాయి తల్లీ?"

యెషి చూపు దొడ్డి మూలకి పోయింది. మొన్నటి చలికి పుట్టిన పిల్లలు గుప్పెడంత ఉన్నాయి. పొదుగు పట్టే ఓపిక కూడా లేక ఒక్కొక్కటే చచ్చిపోయాయి. మేత పెంచింది, మందు పోయించింది, మొక్కులు మొక్కింది. ఏం చేసినా మంద తరిగిపోతూనే ఉందని ఏడ్చి ఏడ్చి విసిగిపోయింది.

"ఈ ఎదకాలం దీన్ని మందలో ఉంచు. వానలు పడ్డాక సంత ధరకే నేను కొంటాను. ఒట్టు."

అదీ సంగతి! దళారీ అన్నమాట. పండగ దాటించి, సగం ధరకి కొట్టేద్దామని ఈ నాటకం.

"మా గొర్రెల మీద ఎంత ప్రేమయ్యా నీకు! ముందు బయటికి నడు."

"ఒక్క మాట విను..."

"నడవమన్నానా!"

ముసలాయన దుప్పటి భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళాడు. అక్కడా తిట్లే తిన్నాడు.

మర్నాడు సంతలో యెషి పొట్టేలు అమ్మేసింది. జీవాల లారీ వెళ్ళిపోయాక, కొన్న వ్యాపారి షిమెలిస్ ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వైనా నయం అక్కా. ఆ ముసలాయన, గెటానే, మాటలు విని ఇద్దరు ముగ్గురు అమ్మడం మానేశారు. జీవాలు ఏటేటా చిన్నవైపోతున్నాయని ఆయనకి దిగులు పట్టుకుంది. కొట్టు మూసేసి ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు."

"అతను... దళారీ కాదా?"

యెషి రోడ్డు వైపు చూసింది. లారీ ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

"దళారీ ఏంటక్కా! ఇన్నేళ్ళూ మీ కొండ మీది మేలైన పొట్టేళ్ళన్నిటినీ కోసిన కసాయి ఆయన."