ఖాళీ గడి

డెలియా మళ్ళీ గడియారం చూసింది.

సాయంత్రం అయిదింటితో కాలేజీ దరఖాస్తుకి గడువు ముగుస్తుంది. ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. అన్నీ నింపి ఒక్క గడి దగ్గర ఆగిపోయింది.

ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అందుకే హైవే పక్కన అమ్మ పనిచేసే హోటల్లో, కౌంటర్ చివర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా, నాకు భయమేస్తోందే."

"మళ్ళీ ఏమొచ్చింది?" అంది వెర్నా, ఎవరికో కాఫీ పోస్తూ.

"కాలేజీ స్థాయి కెమిస్ట్రీ పరీక్ష మార్కు అడుగుతున్నారు. నాది అయిదుకి మూడేగా! అది చూశారంటే దరఖాస్తు అవతల పడేస్తారు."

"రాసి తీరాలా?"

"తప్పనిసరేం కాదు."

"మరింకేం! వదిలెయ్."

పక్క స్టూలు మీద ఆపిల్ పై ముక్క తింటున్న ఒకావిడ తలెత్తి లాప్‌టాప్ తెర వైపు చూసింది. కారు టైరు పంక్చరై, వానలో తడిసి వచ్చి కూర్చుంది. బూట్ల నిండా బురద.

"మీ బళ్ళో ఆ పరీక్ష ఎంతమంది రాశారమ్మా?"

"ఆరుగురం. సగం ఏడాదికే టీచరు వెళ్ళిపోయాడు. మిగతా అయిదుగురికీ ఒక్క మార్కే వచ్చింది."

"మరి నువ్వెలా చదివావు?"

"సొంతంగా. పాత పుస్తకం ఒకటి పెట్టుకుని."

"అయితే ఆ మూడు రాయి. టీచరు లేని సంగతీ రాయి. ఖాళీ చూస్తే నీకూ ఒక్క మార్కే వచ్చిందనుకుంటారు."

వెర్నాకి ఒళ్ళు మండింది.

"చాల్లెండి మేడమ్! నా కూతురి బతుకిది. పెద్ద కాలేజీల కంటికి అయిదు తప్ప ఇంకోటి ఆనదు. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"కాగితాలు చదువుతుంటాను."

"పేపరు చదివే ప్రతివాళ్ళూ సలహాలిచ్చేవాళ్ళే!"

ఆవిడ నవ్వేసింది. బయట మెకానిక్ హారన్ కొట్టాడు.

"రాయమ్మా," అని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయింది.

డెలియా మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగింది. మూడు అని కొట్టింది. చెరిపింది. మళ్ళీ కొట్టింది. ఫీజు మొత్తం తానే భరిస్తానన్న కాలేజీ అదొక్కటే. అది పోతే ఇక్కడే అమ్మ పక్కన నిలబడి ప్లేట్లు కడుక్కోవాలి.

అయిదుకి రెండు నిమిషాలుండగా, గడి ఖాళీగానే వదిలి పంపేసింది.

మార్చిలో జవాబొచ్చింది. సీటు లేదు.

ఏప్రిల్లో కింది తరగతి పిల్లలతో మాట్లాడడానికి కాలేజీల వాళ్ళు బడికొచ్చారు. కుర్చీలు సర్దుతున్న డెలియా ఆ కాలేజీ బల్ల ముందు కొయ్యబారిపోయింది. బల్ల వెనక ఆవిడే.

"నువ్వా!" అంటూ లేచింది ఆవిడ. "ఆ రోజు నీ పేరడగనేలేదు, ఏ బడో కూడా అడగలేదు. మా కాలేజీకి దరఖాస్తు పెట్టనేలేదా?"

"పెట్టానండీ." డెలియా చేతిలోని కుర్చీ కింద పెట్టింది. "ఆ గడి ఖాళీగా వదిలేశాను."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"ఈ కొండ జిల్లాల దరఖాస్తులన్నీ చదివేది నేనేనమ్మా; మూడు అని రాసిన పిల్ల కోసం ఆఖరి కాగితం దాకా వెతికాను."