ఊడిరాని యాక్సిళ్ళు

సూరమ్మ జీపు సూరమ్మకి దక్కకుండా చేయడం ఎలాగా అని సత్యనారాయణమూర్తి వారం రోజులుగా ఆలోచిస్తున్నాడు.

ఆ జీపు ఆవిడ భర్త దేవదానంది. మిలటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. కొల్లేటికోట నుంచి ఆకివీడు మార్కెట్టుకి అందులోనే చేపలు తోలేవాడు. మూర్తికి అప్పట్లో కొల్లేరులో చేపల చెరువులుండేవి. గట్ల మీద తిరగడానికని నాలుగు రోజులకి అడిగి తెచ్చుకున్నాడు. ఈలోగా దేవదానం జబ్బు చేసి పోయాడు. రెండు వేల ఆరులో ప్రభుత్వం వాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక మూర్తికి జీపుతో పనే లేదు. అయినా దాన్ని తాడేపల్లిగూడెంలో తన రైసు మిల్లు ఆవరణలో పడేసి ఉంచుకున్నాడు. ఎవరైనా అడిగితే, "దేవదానం నాకు ఇచ్చేశాడు కదండీ" అనేవాడు.

సూరమ్మకి చేపలు తోలుకోవడానికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఎలీయాజరుని వెంటబెట్టుకొస్తానని కబురు పెట్టింది. పెద్దమనిషి ముందు కాదంటే మూర్తి పరువు పోతుంది. ఔనంటే జీపు పోతుంది.

శనివారం పొద్దున్నే, సంచీ భుజాన వేసుకుని ఒక మెకానిక్ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు.

"నా పేరు కృపానందమండి. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చాను. రేపు సూరమ్మ గారు జీపు తీసుకెళ్తారంట, బాగుచేసి ఉంచమన్నారు. మీకు చెప్పకుండా చెయ్యి పెట్టడం పద్ధతి కాదని ఆగానండి."

మూర్తి అతన్ని లోపలికి పిలిచాడు. "ఇంతకీ దానికొచ్చిన జబ్బేమిటయ్యా? ఎంతమంది తోసినా కదలట్లేదు."

కృపానందం జీపు కిందికి దూరి చూసి వచ్చాడు. "ఏముందండీ, వెనక బ్రేకులు పట్టేశాయి. వదిలించేస్తే పరిగెడుతుంది."

"వదిలించకు," అన్నాడు మూర్తి గొంతు తగ్గించి. "ఇక్కణ్ణించి కదలకుండా ఏదైనా చెయ్యి. మా మిల్లు లారీల పనంతా నీకే అప్పజెబుతాను."

కృపానందం తల గోక్కున్నాడు. "పాపం, మొగుడు పోయిన మనిషండి," అని నసిగాడు. ఆ తర్వాత మెల్లగా, "వెనక యాక్సిళ్ళు రెండూ పీకేస్తే సరండి. ఇంజను బలం వెనక చక్రాలకి అందించేవి అవే. వాటిని మీరు దాచుకుంటే ఇంక చక్రాలు తిప్పేదెవరండి?" అన్నాడు.

మూర్తి ఏనాడూ స్టీరింగు ముట్టినవాడు కాదు. ఎప్పుడూ డ్రైవరు పక్కన కూర్చునేవాడు. ఈ మాట మాత్రం అతనికి చక్కగా అర్థమైంది.

యాక్సిళ్ళు అచ్చం మూర్తిలాగే ఉన్నాయి. పట్టుకున్నది వదలవు. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు, తిట్టారు. బోల్టులు ఊడాయి గానీ కడ్డీలు బయటికి రాలేదు. చివరికి మూర్తే లాల్చీ విప్పి మేకుకి తగిలించి, పంచె ఎగగట్టి, తన చేత్తో లాగడం మొదలుపెట్టాడు.

భార్య వీరదుర్గ మజ్జిగ తెచ్చి కాసేపు చూసింది. "ఏవండీ, సొంత మిల్లు పనికి ఏనాడైనా ఇంత చెమటోడ్చారా? ఇచ్చేస్తే పోయేది కదా."

"నీకు తెలీదు, ఊరుకో," అని మూర్తి గడ్డానికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. అది బుగ్గల దాకా పాకింది.

మధ్యాహ్నం దాటాక ఒక యాక్సిల్ ఉన్నట్టుండి ఊడొచ్చింది. దాన్ని కౌగిలించుకునే మూర్తి వెళ్ళి ఊక కుప్పలో వెల్లకిలా పడ్డాడు. పొద్దుగూకేలోపు రెండోదీ వచ్చింది.

"ఇంజను దగ్గర్నించి వెనక్కెళ్ళే ఈ పొడుగు షాఫ్టు కూడా విప్పేస్తానండి. మీకు బెంగుండదు," అన్నాడు కృపానందం.

"విప్పెయ్యి, విప్పెయ్యి," అన్నాడు మూర్తి ఊక దులుపుకుంటూ. మూడింటినీ బియ్యం గోదాములో పెట్టి, తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

ఆదివారం సూరమ్మ తెల్లచీరలో వచ్చింది. వెనకాల ఎలీయాజరు ఒక బ్యాటరీ, డీజిల్ డబ్బా మోసుకొచ్చాడు. మిల్లు కూలీలందరూ చుట్టూ చేరారు. మూర్తి నొప్పులతో నడుం పట్టుకునే ఎదురెళ్ళాడు.

"మీ సొమ్ము నాకెందుకు సూరమ్మ గారూ? బండి కదిలిందా, తీసుకెళ్ళిపోండి. కదల్లేదా, ఇంక ఆ ఊసు ఎత్తకూడదు. ఎలీయాజరు గారే సాక్షి."

"అలాగేనండి," అంది సూరమ్మ.

బ్యాటరీ తగిలించి, డీజిల్ పోశారు. సూరమ్మ కొంగు నడుముకి దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. కాసేపు గునిసి, నల్లటి పొగ వదిలి ఇంజను అందుకుంది. మూర్తి చేతులు కట్టుకుని, చిరునవ్వుతో వెనక చక్రాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

సూరమ్మ గేరు రాడ్డు పక్కనున్న, ఇంజను బలాన్ని ముందు చక్రాలకి మళ్ళించే చిన్న రాడ్డు లాగింది. ముందు చక్రాలు మట్టిని పట్టుకుని తిరిగాయి. వెనక చక్రాలు మారుమాట్లాడకుండా వాటి వెంట నడిచాయి.

మూర్తి మొలతాడుకున్న తాళం చెవి తడుముకున్నాడు. సూరమ్మ అతని పక్కనే జీపు ఆపి తల బయటికి పెట్టింది.

"బ్రేకులు ఎప్పుడూ బాగానే ఉన్నాయండి, లోపల పళ్ళు విరిగి బిగుసుకుపోయిన ఆ యాక్సిళ్ళు తీస్తేనే బండి ముందు చక్రాల మీద కదులుతుందని మా తమ్ముడు కృపానందం చెప్పాడు గానీ, మీరు పాపం దగ్గరుండి మీ చేత్తోనే పీకి పెడతారని మేం అనుకోలేదండి."