తగలని దెబ్బ

తలుపు తీసేసరికి, నిన్నటి మ్యాచ్‌లో తన వల్ల రెడ్ కార్డు తిన్న కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డిఫెండర్ ఓ అడుగు వెనక్కి వేశాడు. తన్నడానికే వచ్చాడనుకున్నాడు.

ఇంతలో కుర్రాడి వెనక నుంచి ఓ పెద్దావిడ ముందుకొచ్చింది.

"వీడి అమ్మని బాబూ. మీకు క్షమాపణ చెప్పిద్దామని లాక్కొచ్చాను. లోపలికి రావచ్చా?"

తన్నులైతే ఓర్చుకునేవాడే. ఇన్నేళ్లుగా తింటున్నవే. క్షమాపణ అనేసరికి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. ఎందుకంటే కుర్రాడు అతన్ని కొట్టనే లేదు.

ఫుట్‌బాల్ అభిమానులు మన డిఫెండర్‌ని 'గోడ' అంటారు. అతన్ని దాటి గోల్ దాకా వెళ్లడం మాటలు కాదని పేరు. అలాంటి గోడని ఈ కొత్త కుర్రాడు నిన్న రెండుసార్లు, తెరిచిన గుమ్మంలోంచి వెళ్లినట్టు దాటేశాడు. స్టేడియమంతా గొల్లున నవ్వింది. మూడోసారి కుర్రాడు పక్కనుంచి దూసుకుపోతుంటే గోడగారికి పరుగు అందలేదు. కుర్రాడి చెయ్యి గాల్లో ఊగింది, అంతే. గోడగారు ముఖం పట్టుకుని దబ్బున పడి గిలగిల్లాడాడు. కెమెరాలకి వీపు తిప్పి పడడంలో అతనిది అందెవేసిన చెయ్యి. రిఫరీ నమ్మాడు. కుర్రాణ్ణి బయటికి పంపేశాడు.

ఇవాళ మధ్యాహ్నం విచారణ. గోడ ఏం చెబితే అదే సాక్ష్యం. కొట్టాడంటే కుర్రాడు సీజనంతా ఇంట్లో కూర్చోవాలి. కొత్తవాడు కాబట్టి క్లబ్బు వదిలించుకున్నా అదేమని అడిగే దిక్కు ఉండదు. కొట్టలేదంటే, ఈ వయసులో గోడగారి ఆటకి మంగళం పాడినట్టే. "నోరు జారావో, మళ్లీ గ్రౌండు మొహం చూడవు" అని తన జట్టు మేనేజర్ పొద్దున్నే ఫోన్‌లో చెప్పాడు.

డిఫెండర్ భార్య కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా" అంది. పెద్దావిడ కూర్చుంది. కుర్రాడు కూర్చోలేదు.

"ఊఁ, చెప్పరా."

"తప్పయిపోయిందన్నా" అన్నాడు కుర్రాడు నేలకేసి చూస్తూ.

"దేనికో కూడా చెప్పు. నమిలి మింగకు."

"మిమ్మల్ని... కొట్టినందుకు."

డిఫెండర్‌కి తల కొట్టేసినట్టయింది. "అబ్బే, ఆటలో ఇవన్నీ మామూలేనమ్మా" అన్నాడు. అంటూనే తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

"మామూలంటారేంటి బాబూ? ఎదుటి మనిషి ముఖం మీద కొట్టడం మామూలా? కని పెంచినదాన్ని, నాకు సిగ్గుగా ఉండదూ? ఏదీ, ఏ చెంపకి తగిలింది?"

అతని చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి పోయింది.

"అదేంటండీ" అంది భార్య అమాయకంగా. "నిన్న కుడి చెంపకి కదా ఐసు పెట్టమన్నారు?"

చెయ్యి చెంప మీదే ఉండిపోయింది. తీస్తే ఒక తంటా, ఉంచితే ఇంకో తంటా. భార్య అతని ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ ఒక్క చూపు చాలు. మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లింది. నీళ్లూ రాలేదు, ఆమే రాలేదు.

"పోనీలెండి, ఏ చెంపైతేనేం" అంది పెద్దావిడ. "వీడికి మీరంటే ప్రాణం. చిన్నప్పుడు మీ ఆట చూసి వచ్చి, మా ఇంటి గోడకేసి బంతి తన్ని తన్ని సున్నమంతా రాల్చేశాడు. నేను చీపురు పుచ్చుకుని వెంటబడితే, 'గోడన్న అంతవాణ్ణయ్యాక కొత్త ఇల్లే కట్టిస్తాలే' అనేవాడు."

కుర్రాడు ఇబ్బందిగా, "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నాడు.

డిఫెండర్ చెంప మీది చెయ్యి దించాడు. చెప్పెయ్యాలి. ఒక్క మాట. వాడు కొట్టలేదమ్మా, నేనే పడ్డాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో మేనేజర్ గొంతు గుర్తొచ్చింది. ఆట పోతే తనకి మిగిలేదేమిటి? మెట్లెక్కాలంటే మూలిగే మోకాళ్లు తప్ప? వచ్చిన మాటని వచ్చినట్టే మింగేశాడు. ఇంత పిరికివాణ్ణా నేను అని ఒళ్లంతా సిగ్గుతో ముడుచుకుపోయింది.

"వీడితో ఇంకేమైనా చెప్పాలా బాబూ?" అడిగింది పెద్దావిడ. తొందరేమీ లేనట్టు అతని ముఖంలోకే చూస్తూ ఆగింది. "ఏదున్నా చెప్పండి. నేనేమీ అనుకోను."

"ఏం లేదమ్మా" అన్నాడతను. ఆ పైన, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "క్షమించేశాను" అన్నాడు.

ఆ మాట బయటికొచ్చాక భూమి చీలితే బాగుండుననిపించింది.

పెద్దావిడ నెమ్మదిగా లేచింది. "వస్తాను బాబూ. మీ ఆవిడకి చెప్పండి" అని మెట్లు దిగింది. కుర్రాడు కూడా గడప దాటబోయాడు.

డిఫెండర్ ఇక పట్టలేకపోయాడు. వాడి భుజం పట్టుకుని ఆపి, కిందికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, నన్ను క్షమించరా. కన్నతల్లి ముందు నిన్ను దోషిగా నిలబెట్టాను. నువ్వు కొట్టలేదని ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు."

కుర్రాడు అప్పుడు తలెత్తి అతని కళ్లలోకి చూశాడు.

"కొట్టలేదని అమ్మకి నిన్ననే తెలుసన్నా. నన్ను ఎదురుగా నిలబెడితే మీరే నిజం చెప్పేస్తారని, మీ మీద నమ్మకంతో తీసుకొచ్చింది."