నోరున్న మంచానికే నర్సు

"ఫ్యాను తిరగట్లేదంటే వినపడదేటి నర్సమ్మా!" అని మూడోసారి అరిచాను. మా మనవరాలు షీబా ముందురోజే మగపిల్లాణ్ణి కని రాణీలా పడుకుంది.

నర్సు పద్మజ పరుగున వచ్చి రెక్కని కర్రతో తిప్పింది. "మామ్మా, నలభై మంచాలకి నేనొక్కర్తినే. ఎవులు అరిస్తే అటెల్తన్నాను."

ఆమె వెళ్లాక పక్క మంచం చూశాను. సాలూరు కొండల మీంచి వచ్చి పొద్దున్నే బిడ్డని కన్న పిల్ల, సుక్కమ్మ. దుప్పటి ఎర్రగా తడిసింది, పెదవులు తెల్లబడ్డాయి. కిక్కురుమనడం లేదు.

"కోడలికి నెత్తురు పోతంటే కూకున్నావేటే? పిలు!" అన్నాను దాని అత్తతో.

"మా గూడెంలో కాన్పుకి అరిస్తే నవ్వుతారమ్మా. నర్సమ్మే వస్తాదని సూస్తన్నాను."

ఎలా వస్తుంది? వేణ్ణీళ్లనీ, దిండనీ, ఫ్యాననీ పొద్దుటినుంచీ ఆమెని నేనే లాగుతున్నాను.

సుక్కమ్మ మంచం పట్టుకుని, నలుగుర్ని కన్న గొంతుతో కేక పెట్టాను. "ఓలమ్మో, సచ్చిపోతన్నానురో!" ప్రభువు క్షమించాలి.

పద్మజ వచ్చి తెల్లబోయింది. "నీకేటి మామ్మా, ఈ వయసులో నొప్పులా?"

"నోరు నాది, నెత్తురు దీనిది. సూడు ముందు!"

దుప్పటి ఎత్తింది. డాక్టర్ని కేకేస్తూనే ఆ పిల్ల పొత్తికడుపు నొక్కడం మొదలెట్టింది.

"మామ్మా, నడుం కింద గుడ్డ ముడత పడింది. నర్సుని పిలు" అంది షీబా.

"నోర్ముయ్యే! పిలిసేవంటే కాళ్లిరగ్గొడతాను."

నెత్తురు ఆగేదాకా వార్డు మధ్యలో నిలబడి, నర్సమ్మ కోసం నోరు తెరిచిన ప్రతి మంచాన్నీ తిడుతూనే ఉన్నాను.