మలుపు దగ్గరి మట్టి

సంచిలోంచి మట్టిగడ్డ తీసి బల్ల మీద పెట్టి, పెద్దాయన రెండడుగులు వెనక్కి జరిగాడు.

"దీన్ని పరీక్ష చెయ్యాలమ్మా. కొండ మలుపు దగ్గర కొత్తగా వేసిన రోడ్డు కిందిది."

ఆ మట్టి పరీక్షల ల్యాబ్‌కి ఆమే పెద్ద. గడ్డకేసి చూడను కూడా లేదు.

"రోడ్ల ఆఫీసు నుంచి లెటర్ తెచ్చారా?"

"ఇవ్వం పొమ్మన్నారు."

"లెటర్ లేకుండా మేం ముట్టుకోం."

"స్కూలు బస్సులు తిరిగే దారమ్మా. మీ కాగితం ఉంటే తప్ప రోడ్డు మూసేది లేదని వాళ్లంటారు. వాళ్ల కాగితం ఉంటే తప్ప ముట్టుకోనని మీరంటారు. నేనెక్కడికి పోను?"

ఆమె ఫైలు తెరిచి అందులో తల దూర్చింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. బయట బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ప్యాంటు అంచులకు ఎప్పుడూ బురదే.

"మేడమ్, మీ మట్టి చుట్టం వచ్చాడు," అని అసిస్టెంట్ నవ్వేది.

చివరికి పోరు పడలేక ఆమె ఒప్పుకుంది.

"ఎండిన గడ్డ పనికిరాదు. రోడ్డు కింద పొరలోకి గొట్టం దించి, గాలి చొరకుండా మూతేసి తీసుకురండి. తేమ పోతే మట్టి మాట మార్చేస్తుంది."

సాయంత్రానికల్లా తెచ్చాడు.

ఆమె ఆ మట్టిదిమ్మెకు రబ్బరు తొడుగేసి మెషీన్‌లో నిలబెట్టింది. ముందు తేమ లోపలంతా సర్దుకోవాలి. ఆ తర్వాత మెషీన్ దాన్ని పైనుంచి నొక్కుతుంది, వదులుతుంది, మళ్లీ నొక్కుతుంది. రోడ్డు మీద చక్రాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నట్టుగా.

"ఎప్పటికి తేలుతుందమ్మా?"

"రోజులు పడుతుంది. తొందరపెడితే అబద్ధం చెప్తుంది."

"వాన పట్టుకుంది కదమ్మా."

"వానకు మీరు నచ్చజెప్పుకోండి. మట్టికి నేను చెప్పలేను."

అని, మరీ పుల్లవిరిచినట్టు అయిందనుకుని కాస్త తగ్గింది.

"రేణువుల మధ్య కొద్దిగా తడి ఉన్నంతవరకు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తడి ఎక్కువైతే ఆ పట్టు వదిలేస్తాయి."

"వదిలేశాక ఎన్నాళ్లు నిలుస్తుంది?"

"పైన తిరిగే బండ్లను బట్టి."

ఆయన తల వంచుకున్నాడు. ఇంతలా కాళ్లరిగేలా తిరగడానికి ఏదో లాభం ఉండే ఉంటుందని ఆమెకు అనుమానం వచ్చింది.

"అక్కడ మీ స్థలం ఉందా? పరిహారం గాని ఇస్తామన్నారా?"

"వచ్చేదేం లేదమ్మా. ఉన్నది పోవడమే."

అడిగినందుకు ఆమెకే మొహం చిన్నబోయింది. ఆ మొహమాటంలో ఆయన పేరు అడగడం కూడా మర్చిపోయింది.

రెండు రోజులకు తేమ సర్దుకున్నాక మెషీన్ నొక్కడం మొదలుపెట్టింది. నొక్కినప్పుడల్లా దిమ్మె కాస్త కుంగింది. వదిలినా లేవలేదు. చివరికి నడుం దగ్గర ఉబ్బి ఒక పక్కకు ఒరిగిపోయింది.

వెంటనే ఆమె రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేసింది.

"శాంపిల్ ఎవరు పంపారు?" అడిగాడు అధికారి.

"ఒక పెద్దాయన."

"ఓహో, మీ దాకా వచ్చాడా? ఆయన మాట పట్టించుకోకండి. రోడ్డు పాసయింది, తెరిచేశాం. ఇప్పుడు మూస్తే అది ఎంతమంది మెడకు చుట్టుకుంటుందో తెలుసా? అయినా లెటర్ లేని రిపోర్టు చెల్లదు మేడమ్."

పై అధికారికి చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. పోలీసులకు చేసినా, ఆఫీసు వాళ్లు చెప్తేనే బండ్లు ఆపుతామన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కిటికీ బయట వాన కురుస్తూనే ఉంది.

ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"నేను చెయ్యగలిగింది ఇంకేం లేదండీ," అంది ఆమె.

"మీ చేతనైంది మీరు చేశారమ్మా."

ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వానలోకి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున బెంచీ మీద ఎవరూ లేరు. కాసేపు చూసింది. కూర్చోబుద్ధి కాక జీపు తీయించింది.

కొండ మలుపు దగ్గర జనం గుమిగూడారు. రోడ్డు సగం లేదు. ఇవతల స్కూలు బస్సు ఆగి ఉంది. కిటికీల నిండా పిల్లల మొహాలు. డ్రైవరు టైరు పక్కన చతికిలబడ్డాడు.

"పొద్దున్నే ఒక పెద్దాయన రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడమ్మా. బస్సు పోనివ్వనన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. కాలర్ పట్టుకుని లాగాను. ఇంతలో అటునుంచి కారు వస్తుంటే చూసి, ఆపడానికి పరిగెత్తాడు. కారు ఆగింది. ఆయన కాళ్ల కింద రోడ్డే ఆగలేదు."

ఆమె అంచు దాకా నడిచింది. తాళ్లు కట్టుకుని లోయలోకి దిగినవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేతులతో పైకి వస్తున్నారు.

గట్టు మీద ఒకతను తల పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆమె అతని పక్కన కూర్చుంది.

"ఆయన మీకేమవుతారు?"

"మా యజమానండీ," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ, "ఈ రోడ్డు వేసింది ఆయనే."