కొండ పక్కన మనిషి

ఎడారిలోని ఇసుకరాతి కొండ ఫొటోని పోటీ న్యాయనిర్ణేత కళ్ళప్పగించి చూస్తుంటే, ఫొటోగ్రాఫర్ బహుమతి అప్పుడే చేతికందినట్టు పొంగిపోయాడు.

“రంగులు అద్భుతం! కానీ ఈ కొండ మేడంత ఉందో, మోకాలెత్తే ఉందో తెలియడం లేదండీ. పక్కన ఒక్క మనిషుంటేనా, మొదటి బహుమతి మీదే.”

“ఉన్నానండీ,” అంది ఫొటోగ్రాఫర్ భార్య. “మండుటెండలో ఈయన సంచీ మోస్తూ అక్కడే నిలబడ్డాను. అందం పాడుచేశానని ఈయనే కంప్యూటర్లో నన్ను చెరిపేశారు.”

ఫొటోగ్రాఫర్, న్యాయనిర్ణేత పక్క ఫొటో దగ్గరికి వెళ్ళాక భార్య చెవిలో గొణిగాడు.

“మళ్ళీ వెళ్దామే. ఈసారి నిన్ను చెరపనులే.”

“వెళ్దాం. కెమెరా నాకివ్వండి, సంచీతో మీరు నిలబడండి. కొండెంతో, మీరెంతో అందరికీ తెలుస్తుంది.”